తలుపు తట్టే హక్కు

ఇంటి గడప ఒక హద్దు. దానికి వెలుపలి వీథి అందరిదీ; లోపలి గృహం ఇంటివారిది. అపరిచితుడు వచ్చి తలుపు తట్టినప్పుడు రెండు హక్కులు ఎదురుపడతాయి. వచ్చినవానికి తన మాట చెప్పుకొనే స్వేచ్ఛ ఉన్నది. లోపలివానికి ప్రశాంతంగా జీవించే హక్కు ఉన్నది. వీటి నడుమ హద్దును నిర్ణయించవలసినది ఎవరు? అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని చిన్న పట్టణాల శాసనాలు ఈ ప్రశ్నను పలుమార్లు న్యాయస్థానాల ముందుంచాయి.

వ్యోమింగ్ రాష్ట్రంలోని గ్రీన్ రివర్ రైల్వే పట్టణం. రాత్రివేళ పనిచేసి పగలు నిద్రించే కార్మికులు అక్కడ అనేకులు. ఇల్లిల్లూ తిరిగి సరకులమ్మేవారి వలన వారికి నిద్రాభంగం కలిగేది. ఇంటివారు పిలువనిదే వర్తకులు ఇండ్లకు రావడం నేరమని ఆ పట్టణం 1931లో శాసించింది. బ్రష్షులమ్మే ఒక కంపెనీ ఆ శాసనాన్ని ప్రశ్నించగా, 1933లో ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం పట్టణాన్నే సమర్థించింది. ఇతర పట్టణాలు ఆ మార్గాన్ని అనుసరించాయి. అటువంటి శాసనాలకు గ్రీన్ రివర్ పేరే స్థిరపడింది.

ఒహాయో రాష్ట్రంలోని స్ట్రదర్స్ మరొక అడుగు ముందుకు వేసింది. కరపత్రాలు పంచడానికి సైతం ఇంటి గంట మోగించరాదన్నది. అక్కడ కూడా రాత్రి పనివారి నిద్రనే కారణంగా చూపారు. మతసభకు ఆహ్వానించే కరపత్రాలు పంచిన ఒక మహిళకు జరిమానా పడింది. 1943లో సుప్రీంకోర్టు ఆ శాసనాన్ని కొట్టివేసింది. వచ్చినవారి మాట వినాలో వద్దో తేల్చుకోవలసినది గృహస్థుడే గాని పట్టణం కాదని వివరించింది.

అయితే వర్తకం విషయంలో న్యాయస్థానం వేరుగా ఆలోచించింది. పత్రికల చందాలకై ఇంటింటికీ తిరిగిన వ్యక్తిపై లూసియానాలోని అలెగ్జాండ్రియా పట్టణం తీసుకొన్న చర్యను 1951లో సమర్థించింది. 2002లో ఒహాయోలోని స్ట్రాటన్ గ్రామ నిబంధన విచారణకు వచ్చింది. మతప్రచారకులు, రాజకీయ ప్రచారకులు సైతం మేయరు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకొని, అనుమతి పత్రం పొందిన పిదపనే ఇండ్లకు వెళ్లాలన్నది ఆ నిబంధన. పొరుగువానితో మాట్లాడడానికి ప్రభుత్వ అనుమతి అవసరమనడం స్వేచ్ఛకు విరుద్ధమని న్యాయస్థానం దానిని త్రోసిపుచ్చింది. ఇష్టం లేనివారు గుమ్మం ముందు నిషేధ ఫలకం పెట్టుకోవచ్చుననీ, తలుపు తీసినా వినడానికి నిరాకరించవచ్చుననీ గుర్తు చేసింది.

అలసి నిద్రించే కార్మికుని విశ్రాంతి విలువైనదే. తన విశ్వాసాన్ని చెప్పుకొనదలచిన సామాన్యుని గొంతూ విలువైనదే. గృహస్థుని ఇష్టానికి చట్టం కాపలా కాయవచ్చు. కాని, భావాలు గడప చేరే సందర్భంలో ఆ ఇష్టమేదో చట్టమే ముందుగా నిర్ణయించరాదు. తలుపు గడియ ఇంటివారి చేతిలో ఉండడమే ఉభయుల స్వేచ్ఛకూ రక్షణ.