తల ఊగినా చూపు ఊగదెందుకు?

ఈ పేజీ చదువుతూనే ‘వద్దు’ అన్నట్టు తల అడ్డంగా ఊపండి. అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇప్పుడు తల కదపకుండా ఫోన్‌ని అదే స్పీడులో ఊపండి. అంతా అలుక్కుపోతుంది.

తేడా చెవిలో ఉంది. తల కుడికి తిరిగితే సుమారు 10 మిల్లీసెకన్లలో లోపలి చెవి కళ్లని అంతే ఎడమకి తిప్పేస్తుంది. దీని పేరు వెస్టిబ్యులో ఆక్యులర్ రిఫ్లెక్స్. మా గోదావరిఖనిలో బాయి దిగేవాళ్ల టోపీకి క్యాప్ ల్యాంపు ఉంటుంది కదా, మనిషి నడుస్తుంటే దాని వెలుగు గోడమీద ఎగురుతూనే ఉంటుంది. అదే మనిషి చూపు మాత్రం ఒక్క రాయి మీద నిలబడగలదు.

మన బ్రాంచి భాషలో చెప్పాలంటే చెవిలో రెండు సెన్సర్లు. ఒకటి జైరోస్కోపు: మూడు సన్నని గొట్టాలు, తల తిరగడాన్ని కొలుస్తాయి. తెలుగు మీడియం పుస్తకాల్లో వీటిని అర్ధవర్తుల కుల్యలు అంటారు (నాకైతే ఈ పేరే నచ్చింది). రెండోది యాక్సిలరోమీటరు: పక్కనే రెండు చిన్న సంచులు. వాటిలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రవ్వలు, అంటే సుద్ద పదార్థమే. తల వంచితే బరువుకి ఆ పొర జారుతుంది. తలని కుడి భుజం మీదికి వాలిస్తే కళ్లు కొన్ని డిగ్రీలు ఎడమకి గుండ్రంగా తిరుగుతాయి. అద్దంలో కంటి ఎర్రజీరలు గమనించండి, తెలుస్తుంది.

కక్ష్యలో ఉన్నవాళ్లు నిరంతరం పడుతూనే ఉంటారు. పడుతున్న ఫోన్‌లో యాక్సిలరోమీటరు సున్నా చూపించినట్టే, అక్కడ తల వాల్చినా రవ్వలకి బరువుండదు, వాలిన కబురు అందదు. జైరో ఒకటి చెప్తుంది, యాక్సిలరోమీటరు ఇంకోటి. అందుకే మొదటి రోజుల్లో చాలామందికి వికారం. హైదరాబాద్ మూలాలున్న రాజా చారిలా ఆరేసి నెలలు పైన ఉండొచ్చిన 25 మంది కాస్మోనాట్లని పరీక్షించి 2016లో ఒక పేపరు వేశారు. దిగిన కొత్తలో ఆ గుండ్రటి తిరుగుడు తగ్గింది, 9 రోజులకి మామూలైంది.

రాకెట్ ఎక్కకుండా కూడా ఈ లెక్క తప్పొచ్చు. రవ్వలు ఊడి కుల్యల్లో పడితే, బరువుతో పనిలేని జైరోకి బరువు అంటుకుంటుంది. మంచం మీద పక్కకి తిరిగితే చాలు, రవ్వలు జారి ‘తల గిర్రున తిరుగుతోంది’ అని తప్పుడు కబురు పంపిస్తాయి. కళ్లు నమ్మేస్తాయి. ‘కళ్లు తిరుగుతున్నయ్’ అనే మన మాట ఇక్కడ అక్షరాలా నిజం.

పోయినేడు మా బాపుకి వచ్చింది ఇదే. ఒకరు బీపీ అన్నారు, ఒకరు గ్యాస్ అన్నారు, నానమ్మ దిష్టి తీసింది. బాయి పనోడికి కళ్లు తిరుగుతున్నాయంటే మళ్లీ దిగనిస్తారా? అందుకే నెల రోజులు బయట ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరు స్కానింగేమీ రాయకుండా, బాపు తలని పక్కకి తిప్పి పట్టుకుని గబుక్కున వెనక్కి పడుకోబెట్టారు. నల్లగుడ్లు టకటకా కొట్టుకోవడం నాకూ కనిపించింది. అక్కణ్ణుంచి తలని వరసగా తిప్పుతూ, ఒక్కో భంగిమలో అర నిమిషం ఆపి, లేపి కూర్చోబెట్టారు. రవ్వలు తిరిగి సంచిలోకి. ఒక్క గోలీ లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా పక్క మీద తిరిగినప్పుడే, నిమిషంలోపే గది తిరిగి ఆగిపోతుంటే డాక్టరుకి సరిగ్గా ఆ మాటే చెప్పండి. వీడియో చూసి మెడ మాత్రం తిప్పకండి, ముందు ఏ చెవో తెలియాలి.