సమదర్శనము – సమానత్వము

సమానత్వమను పదము నేడు అందఱి నోటను వినవచ్చుచున్నది. ఎవరు ఏ విషయమున సమానులని ప్రశ్నించినచో మాత్రము ప్రత్యుత్తరములు వేఱువేఱుగ నుండును.

రాజనీతిజ్ఞుడు చట్టమును జూపును. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 14వ అధికరణమున చట్టము నెదుట సమానత్వమును, 17వ అధికరణమున అస్పృశ్యతా నిషేధమును విధించినది. ఓటునందు పండిత పామర భేదము లేదు. ఇది చాలదని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టరు అంబేడ్కరు హెచ్చరించెను. రాజకీయమున సమానులై సాంఘికార్థిక జీవనమున అసమానులై యుండుట వైరుధ్యమనియు, అది త్వరగా తొలగనిచో ప్రజాస్వామ్య సౌధమే కూలుననియు ఆయన భావము.

వేదాంతి చెప్పు సమత్వము మఱియొకటి. గీత ఐదవ అధ్యాయమున బ్రాహ్మణుని, గోవును, శునకమును, శ్వపచుని జ్ఞాని సమముగ జూచునని కలదు. సమమైనది శరీరము కాదు, గుణమును కాదు, అన్నిటనున్న బ్రహ్మము. శంకరులు ఇచట ఒక ఆక్షేపమును తామే తెచ్చుకొనిరి. సములను విషమముగను, విషములను సమముగను పూజించువాని అన్నము తినరాదని గౌతమస్మృతి చెప్పుచుండ, సమదర్శికి దోషము రాదా? బ్రహ్మము నిర్దోషము, ఆ స్మృతి దేహాదులే తానను అభిమానము గలవానిని గూర్చినదని వారి సమాధానము.

ఇచటనే ఒక పెడత్రోవ కలదు. దర్శనము సమమే గాని వర్తనము సమము కానక్కఱలేదని కొందఱు పండితులు భేదమునకు కవచము తొడుగుదురు. తల్లి జ్వరపడిన బిడ్డకు జావయు, ఆరోగ్యవంతునకు అన్నమును బెట్టును, నిజమే. ఆ భేదము బిడ్డల క్షేమమునకై. ఒకని దేవాలయపు వీధిలో నడువనీయని భేదము ఎవరి క్షేమమునకు? ఆఱవ అధ్యాయమున యోగి పరుల సుఖదుఃఖములను తనవానివలె జూచునని చెప్పబడినది. అట్టివాడు ఎవరికిని ప్రతికూలము చేయడని అచట శంకరుల వ్యాఖ్య. చూపు నడతలోనికి దిగవలసినదే.

అట్లు దిగిన చూపు తిరువాన్కూరున కానవచ్చును. ఈళవ కులమున జన్మించిన శ్రీనారాయణ గురువు 1888 శివరాత్రినాడు అరువిప్పురమున, నెయ్యారు నదినుండి తీసిన శిలను శివునిగ ప్రతిష్ఠించెను. ఆ కులమునకు ప్రతిష్ఠాధికారము లేదని నాటి ఆచారము. ఆయన సంస్కృతమున దర్శనమాల రచించిన అద్వైతి; అద్వైతము గ్రంథమున నొకటి, గుడి యెదుట నొకటి కాలేదు. 1924 మార్చి 30న వైకోమున సత్యాగ్రహ మారంభమైనది. అచట కోరినది ఆలయప్రవేశము సైతము కాదు. చుట్టునున్న వీధులలో నడచుట మాత్రమే! 1925లో మూడు వీధులు తెఱవబడినవి, తూర్పు వీధి తెఱవబడలేదు. సంస్థాన ప్రభుత్వాధీనమందలి ఆలయద్వారములు హిందువు లందఱికిని తెఱచుకొనుటకు 1936 నవంబరు 12 నాటి రాజప్రకటన కావలసివచ్చెను. అప్పటికి అరువిప్పుర ప్రతిష్ఠ జరిగి నలువదియెనిమిదేండ్లు.