డాక్టరు కలం మీద కంపెనీ కన్ను

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో డాక్టరు. తను ఏ మందులు రాస్తోందో మందుల కంపెనీ ప్రతినిధులకు ముందే తెలుస్తోందట. ఇది న్యాయమేనండీ?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: చట్టం ఒప్పుకుంటోందమ్మా, పేచీ అంతా నీతి దగ్గరే. అక్కడి మందుల షాపులు రోగి పేరు తీసేసి, డాక్టరు వివరాలు మాత్రం ఉంచి, ప్రిస్క్రిప్షన్ల సమాచారాన్ని డేటా సంస్థలకు అమ్ముతాయి. ఆ సంస్థల దగ్గర దాన్ని కొన్న మందుల కంపెనీ, ఎవరు తమ మందు రాస్తున్నారో, ఎవరు పోటీ మందు వైపు మొగ్గారో చూసుకుని తన మనిషిని పంపుతుంది. డాక్టరు అనుమతి లేకుండా ఈ సమాచారాన్ని మార్కెటింగ్‌కు వాడకూడదని వెర్మాంట్ రాష్ట్రం 2007లో చట్టం చేసింది. అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమంటూ 2011లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో కొట్టేసింది.

ఈ సమాచారం పరిశోధనకూ, ప్రమాదకరమని తేలిన మందును రాసేవారిని హెచ్చరించడానికీ పనికొస్తుంది. డాక్టరుకు చెప్పకుండా, ఖరీదైన కొత్త మందు వైపు నెట్టడానికి వాడటమే తప్పు. ఆ భారం చివరికి రోగి జేబు మీదే పడుతుంది.

తన వివరాలు ప్రతినిధులకు అందకుండా డాక్టరు ఆపుకొనే పథకాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2006లో తెచ్చింది. సభ్యత్వం అక్కర్లేదు. మీ అమ్మాయిని అందులో నమోదు చేసుకోమనండి. అయితే కంపెనీలోని మిగతా విభాగాలకు వివరాలు వెళ్లడం మాత్రం దానితో ఆగదు.