నదిని దాటు యుద్ధశకటములు

వంతెన కూలిపోయినపుడు సైన్యమునకు శత్రువు కంటె నదియే పెద్ద అడ్డంకి యగును. యుద్ధశకటము తనంత తాను నీటిని దాటగలదా? శకటమును మాత్రమే పరీక్షించి దీనికి సమాధానము చెప్పరాదు. నదిని గూడ పరీక్షింపవలెను.

లోతు తక్కువైన వాగులో శకటము నేలను ఆనుకొనియే నడచును. కావున అడుగున నున్నది ఇసుకయో, బురదయో, రాయియో ముందుగా తెలియవలెను. లోతు హెచ్చైనచో అది తేలవలెను. ప్రవాహము వడిగా నున్నచో ఎదుటి గట్టు చేరులోపల దిగువకు కొట్టుకొనిపోవును. నీటిలో దిగుట కంటె గట్టెక్కుట కష్టము. మొదటి శకటము నుండి కారిన నీటితో గట్టు బురదయై, పదియవ దానికి మరింత జారును. మొదటిది దాటినంత మాత్రమున పరీక్ష ముగిసిన దనుకొనుట పొరపాటు.

1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ విమోచన యుద్ధమున, పాకిస్తాన్ సైన్యము ఆశుగంజ్ వద్ద మేఘనా నదిపై వంతెనను పేల్చివేసెను. భారత సైన్యము వద్ద సోవియట్ దేశమున తయారైన పి.టి. 76 టాంకులు ఉండెను. పదునాలుగు టన్నుల బరువుండియు అవి నీటిని వెనుకకు చిమ్ముచు గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగముతో ఈదగలవు. కాని సుమారు అరగంట ఈదినంతనే వాటి యంత్రములు వేడెక్కుచుండెను. మేఘనను దాటుటకు అంతకంటె ఎక్కువ కాలము కావలసియుండెను. అపుడు నాటుపడవలు ఆ టాంకులను లాగుకొనిపోయెను. వాటిని నిర్మించినవారు ఈ సహాయమును ఊహించియుండరు! టాంకులను మోయజాలని హెలికాప్టర్లు, డిసెంబరు 9 మొదలుకొని, పదాతి సైనికులను మాత్రము ఆవలి ఒడ్డున దించుచుండెను.