ఎలుకల మందు కలిపే ముందు

రబీ వరి పొట్ట దశకు వస్తోంది. గట్లలో కొత్త బొరియలు, మొదళ్ల దగ్గర ఏటవాలుగా కొరికిన పిలకలు కనబడితే ఎలుక దిగినట్టే. ఎర పెట్టాల్సింది ఇప్పుడే. కంకిలో పాలు పడ్డాక అది నూకల జోలికి రాదు.

ఈ సమయంలోనే కొందరు కొట్టంలో మూలమూలలూ వెతుకుతారు. మిగిలిన ఫోరేట్ గుళికలో, లేబుల్ చినిగిన ఎండోసల్ఫాన్ డబ్బానో దొరుకుతుంది. పారేయడమెందుకని వాడేస్తారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. ఫోరేట్‌కు 2020తో గడువు తీరింది. గుళికలు తిని గట్టున పడ్డ ఎలుకను గద్ద ఎత్తుకుపోతే, ఆ గద్దకీ అదే గతి.

పాత మందుల్లో డీడీటీ మరీ మొండిది. మన దేశంలో సేద్యానికి 1989లోనే నిషేధించారు. అయినా మట్టిలో డీడీఈగా మారి ఏళ్లకేళ్లు ఉంటుంది. పురుగులోంచి పిట్టకు, పిట్టలోంచి డేగకు చేరి కొవ్వులో పేరుకుంటుంది. డేగ బతికే ఉంటుంది గానీ, గుడ్డు పెంకుకు సున్నం చాలదు. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే చితుకుతుంది. బ్రిటన్‌లో రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త దాచి ఉంచిన పాత గుడ్లతో కొత్తవి పోల్చి, 1967లో ఈ సంగతి తేల్చాడు. అమెరికా 1972లో డీడీటీని ఆపింది. కానీ కాలిఫోర్నియా సముద్రంలోకి అప్పటికే వదిలేసిన ఫ్యాక్టరీ వ్యర్థం ఎక్కడికీ పోలేదు. తీరానికి కొట్టుకొచ్చిన సీ లయన్ల కళేబరాలు తిన్న కాండోర్ రాబందులు మూడు దశాబ్దాలు దాటాక కూడా పల్చటి గుడ్లే పెట్టాయి.

ఇక ఎర సంగతి. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయండి. మర్నాడు తెరుచుకున్నవాటిలోనే మందు పెట్టాలి. ముందు రెండు రోజులు ఉత్త నూకలు అలవాటు చేసి, తర్వాత నూకలు 96 పాళ్లు, నూనె 2, జింక్ ఫాస్ఫైడ్ 2 పాళ్లు కర్రతో కలిపి, పొట్లం కట్టి బొరియ లోపలికి తోయండి. బ్రోమోడయోలోన్ అనే మరో ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు మగతగా తిరుగుతూ గుడ్లగూబకు తేలిగ్గా దొరికిపోతుంది. ఇంటిమీద వాలితే అరిష్టమని మనం తరిమే ఆ పిట్టే రాత్రంతా మన పొలంలో ఎలుకలు పడుతుంది! చచ్చిన ఎలుకల్ని పొద్దున్నే ఏరి లోతుగా పూడ్చండి. గింజ గట్టిపడేదాకా ఎకరానికి పది పక్షి స్థావరాలు ఉంచండి.

పాత డబ్బాలను కాలువలో పారేయొద్దు, పొలంలో పాతొద్దు. మండల వ్యవసాయాధికారికి చూపించి, ఆయన చెప్పినట్టు చేయండి.