నలుగురిలో చెప్పిన మాట

విజయనగరము

చి. సౌ. అమ్మాయికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు ఫోనులో పంపిన నాలుగు వాక్యములను మనుమడు పెద్ద అక్షరములలో కాగితముపై తీసి ఇచ్చినాడు, మూడుమార్లు చదువుకొంటిని. మొదటి మూడును మీ కంపెనీలో మనుషులను తీసివేయుదురన్న వదంతిని గూర్చినవి. నాలుగవది, వారము దినములుగా నీకు నిద్ర పట్టుట లేదన్నది. ఆ నాలుగవదానిని మీ అమ్మకు చదివి వినిపింపలేదు. మూడింటికి సమాధానము వ్రాయుటకే కూర్చుంటిని గాని మనస్సు నాలుగవదాని చుట్టే తిరుగుచున్నది. రాత్రి పదిగంటలకు ఆ కంప్యూటరు మూసివేయుము తల్లీ. గోరువెచ్చని పాలు త్రాగి పడుకొనుము. ఇక విషయమునకు వచ్చెదను.

నీ క్రింద పదునెనిమిదిమంది పనిచేయుచున్నారనియు, వారిలో ఎవరిని పిలిచి రాజీనామా వ్రాయమందురో నీకే తెలియదనియు, పైవారు మాత్రము "టీములో మొరేల్ పడిపోకుండ చూచుకో"మని చెప్పి తమ గదులలోనికి పోయిరనియు వ్రాసితివి. మొరేల్ అను మాటకు ధైర్యమనవలెనో, ఉత్సాహమనవలెనో నాకు తోచలేదు. మా మిల్లులో దానికి పేరు లేదు గాని కంటికి కనబడెడిది: తెల్లవారుజామున కూత వేయగనే మనుషులు గేటులోనికి నడచివచ్చు తీరే అది. నీవు అయిదేండ్ల పిల్లవై, ఆ కూతకు జడిసి నా చొక్కాలో తల దూర్చుకొన్న దినము నాకింకను జ్ఞాపకమున్నది.

ముందుగా ఒక దిద్దుబాటు. నీవు లేఆఫ్ అని వ్రాసినది లేఆఫ్ కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో ఒక అధ్యాయము చేర్చిరి. లేబరాఫీసులో నా బల్లపై ఏండ్ల తరబడి ఆ పుస్తకమే యుండుటచే అది నాకు ఎక్కమువలె నోటికి వచ్చును. బొగ్గు చాలక, కరెంటు లేక, సరుకు అందక, యంత్రము చెడి, పేరు రిజిస్టరులో ఉండగనే పనివానికి ఆ పూట పని చూపలేకపోవుట లేఆఫ్. ఏడాది సర్వీసు నిండినవానికి ఆ దినములకు మూలవేతనము, కరువు భత్యము కలిపి అందులో సగము ముట్టవలెను. పేరునే కొట్టివేయుట రిట్రెంచ్‌మెంట్. దానికి నెలరోజుల నోటీసు, నిండిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల సగటు వేతనము, ఆపైన చివర చేరినవాడు ముందు పోవలెనన్న క్రమము. మొదటిది తలుపు దగ్గరగా వేయుట, రెండవది గుమ్మమునకు గోడ కట్టుట. గోడ కట్టుచు తలుపు వేయుచున్నామని చెప్పుట ఇప్పటి మర్యాద కాబోలు.

1983లో మాకును ఇట్టి కాలము వచ్చినది. సిమెంటు కంపెనీలు మా మిల్లు నేసెడి గోనెసంచిని విడిచి ప్లాస్టిక్ సంచిని పట్టుచున్న రోజులు. కొన్ని సరుకులకు గోనెసంచియే వాడవలెనను చట్టము 1987 వరకు రానేలేదు. రాత్రి షిఫ్టు ఎత్తివేయుదురని మా క్యాంటీనులో టీ కాచువాని నోట పుట్టిన మాట, వైండింగు దగ్గరకు చేరుసరికి సగము మిల్లు మూతయై, మగ్గముల కడకు పోవుసరికి మిల్లంతయు అమ్ముడుపోయి, సాయంకాలమునకు కొన్నవాని ఊరు, వాడు ఎక్కివచ్చిన కారు రంగుతో సహా అందరికిని తెలిసిపోయెను. మేనేజరుగారు మాత్రము, నిశ్చయము కానిదానిని చెప్పనేల యని ఆరువారములు పెదవి విప్పలేదు. ఈలోపల మంచి నేతగాండ్రు, అనగా ఎక్కడికి పోయినను పని దొరకునన్న నమ్మకము గలవారు, హుగ్లీ ఒడ్డున ఉన్న మిల్లులకు రైలెక్కిరి. పోలేనివారు నూలు తెగినను అతుకుటకు తొందరపడుట మానిరి. తుదకు వెలువడిన నిర్ణయమేమి? ఇరువదినాలుగు మగ్గములు ఆపుట. అంతే. ఆపుటవలన మిగిలినదానికంటె చెప్పకపోవుటవలన పోయినదే ఎక్కువయని లెక్క కట్టిన గుమాస్తా నాతో చాటుగా అనెను.

మా స్పిన్నింగు మాస్టరుగారొక్కరు వేరుగా నడచుకొనిరి. ఆయన మబ్బులేని దినమునను గొడుగు లేక బయలుదేరువారు కారు. ఆయన షిఫ్టు మారువేళ గేటుకడ నిలిచి మూడే మాటలు చెప్పెడివారు: "ఇది నాకు తెలుసు. ఇది నాకు తెలియదు. మళ్ళీ శుక్రవారం ఇక్కడే చెబుతాను." శుక్రవారము వచ్చి, చెప్పుటకేమియు లేకున్నను, "ఈ వారం కొత్తది ఏమీ లేదు" అని చెప్పి పోయెడివారు. ఆయన విభాగములో ఒక్క కదురైన ఊరక నిలువలేదు.

అందుచేత, అమ్మాయీ, నీవు మొట్టమొదట చేయవలసినది ఒక నోటీసు బోర్డు పెట్టించుట. మా ఆఫీసులో బోర్డులుండవు మామయ్యా, మెయిలు ఉన్నది అందువు. మెయిలు చెవిలో చెప్పిన మాట. బోర్డు నలుగురిలో చెప్పిన మాట. మెయిలును ఎవరికివారు ఒంటరిగా చదువుకొని ఒంటరిగా భయపడుదురు. బోర్డు ముందర పదిమంది నిలువబడుదురు, ఒకడు పైకి చదువును, ఒకడు అర్థము చెప్పును, ఒకడు హాస్యమాడును, భయము పదిపాళ్ళయి పోవును. నాలుగడుగుల వెడల్పు చాలును. అద్దపు తలుపు ఉండవలెను. తాళముచెవి నీయొద్దనే ఉండవలెను. ప్రతి కాగితమునకు తేది, వేళ, క్రింద నీ సంతకము ఉండవలెను. సంతకము లేని నోటీసు కంటె పుకారే నయము, దానికి కనీసము చెప్పినవాడొకడుండును. పాతబడిన కాగితమును తీసివేయవలెను. నిరుడు దీపావళికి పెట్టిన శుభాకాంక్షల ప్రక్కన నేటి మాట పెట్టినచో నేటి మాటయు నిరుటిదే యనుకొందురు. కాఫీ యంత్రము ప్రక్క గోడ దీనికి శ్రేష్ఠము. నవ్వకుము. మీ అత్తయ్య ఇప్పటికే నవ్వుచున్నది, ఈ ముసలాయన పోవునపుడు కూడ బోర్డు కట్టించుకొని పోవునని.

మీ హైదరాబాదు సంగతియే చూడుము. 2009 జనవరి 7వ తేదీన సత్యం సంస్థ అధ్యక్షుడు, లేని ధనమును లెక్కలలో ఉన్నట్లు చూపితినని ఒప్పుకొని లేఖ వ్రాసెను. అది డైరెక్టర్లకు వ్రాసినది, స్టాక్ ఎక్స్చేంజీలకు ప్రతులు పోయినవి. ఏబదివేలమంది ఉద్యోగులు మాత్రము తమ ఇంటి సంగతిని లోకముతోపాటే వినవలసివచ్చినది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వచ్చి ఆ సంస్థను నిలుపుటకు ముందు, ఆ మూడునెలలు వారి ఇండ్లలో తల్లులు ఎట్లు నిద్రపోయిరో!

ఇంత బోర్డుపిచ్చి నాకెందులకో నీకు ఎన్నడును చెప్పలేదు. మీ అమ్మకును తెలియదు. మా మేనేజరుగారు పెదవి విప్పని ఆ ఆరువారములలో అయిదవ వారమున, ఆపబోవు మగ్గముల జాబితా నా బల్లసొరుగులోనికి వచ్చినది. ఆ సాయంకాలమే ఒక నేతగాడు, మన పెరటి చిక్కుడుపందిరి వేసిపెట్టినవాడే, నా సైకిలు పట్టుకొని నిలిచి, "బాబూ, ఊళ్ళో ఏవేవో అంతన్నారు. పెంకుటిల్లు తీసి స్లాబు ఏద్దామనుకుంతన్నాను. ఎయ్యమంతారా, ఆగమంతారా?" అని అడిగినాడు. అతని మగ్గము నంబరు ఆ జాబితాలో ఉండెను. రహస్యమని చెప్పి ఊరకుండవచ్చును. "నేను చెప్పలేను, నెలాఖరు వరకు ఆగు" మనవచ్చును. అతని ముఖము చూచి జాలిపడి, "నీకేం కాదు, వేసుకో" అంటిని. పెంకు దింపినాడు, అప్పు తెచ్చినాడు, గోడలు లేపినాడు. రెండు వానకాలములు ఆ గోడలు కప్పు లేక తడిసినవి. నేను ఆ వీధి విడిచి చుట్టుదారిన సైకిలు త్రొక్కుకొని ఆఫీసునకు పోయెడివాడను. సంక్రాంతికి అతడు ఎప్పటివలెనే చిక్కుడుకాయలు తెచ్చి ఇచ్చి పోయెను. ఒక్క మాట అనలేదు. ఆ మాటను సంతకము పెట్టి బోర్డుపై అంటింపవలసి వచ్చియుండినచో నా చేయి ఆగియుండెడిదే. చెవిలో చెప్పునది గనుక నోరు ఆగలేదు.

నీ పదునెనిమిదిమందిలో ఒకడు ఇంటి అప్పు తీసుకోనా అక్కా అని అడుగును. ఒకతె పురిటికి సెలవు పెట్టనా అని అడుగును. నీది మెత్తని మనస్సు. అది మా వంశపుది, దానిని గూర్చి నీకు వ్రాయనక్కరలేదు. ఆ మెత్తదనమే నీచేత "ఏమీ కాదు" అనిపించును. అనవలదు. తెలియనిదానిని తెలియదనుము, చెప్పరానిదానిని చెప్పరాదనుము, మరల ఎప్పుడు చెప్పెదవో ఆ దినమును చెప్పి, ఆ దినము తప్పకుము. పేర్లు వచ్చిన నాడు హెచ్.ఆర్. వారికి విడిచి నీవు దాగికొనక, ఒక్కొక్కరిని నీవే కూర్చుండబెట్టి చెప్పుము. మెడలోని ట్యాగు ఇచ్చివేసి పోవునపుడు గేటుదాక నడచి రమ్ము. ఆ పేర్లలో నీదే ఉన్నచో, రైలు టిక్కెట్టు తీసుకొని ముందు ఇక్కడకు రమ్ము, తరువాత ఆలోచింతము.

వచ్చేవారము మీ బావ హైదరాబాదు వచ్చుచున్నాడు. మన వడ్రంగి చేసిన బోర్డు ఒకటి, తుప్పుపట్టని పిన్నుల డబ్బా ఒకటి, మీ అత్తయ్య చేసిన సున్నుండలు పంపుచున్నాను. మొదటి కాగితముపై నీకు తెలియనిదే వ్రాసి, సంతకము పెట్టి అంటించుము. సున్నుండలు నీ ఒక్కదానికే, టీములో పంచకుము.

ఇట్లు,
మామయ్య