సంఘంలో నోటు బాకీ తగువు

సమస్య

ఒకే సంఘంలో ఏళ్ల తరబడి కలిసి ఆరాధిస్తున్న రెండు కుటుంబాల మధ్య అప్పు తగువు వచ్చింది. కూతురి పెళ్లికని ఒకరు ప్రామిసరీ నోటు రాసి రెండు లక్షలు తీసుకున్నారు. రెండున్నరేళ్లు దాటినా అసలులో ఒక్క రూపాయి తీరలేదు. ఈలోగా సంగతి స్త్రీల సమాజంలో ప్రార్థన మనవిగా బయటపడింది. ఆదివారం ప్రసంగంలో పేరెత్తకుండానే అప్పుల మాట వచ్చింది. బాకీ పడిన కుటుంబం బల్లారాధనకు రావడం మానేసింది. విశ్వాసి మీద కోర్టుకెక్కకూడదని పెద్దలు అంటున్నారు. ఎక్కకపోతే సొమ్ము మునుగుతుందని అప్పిచ్చినవారి భయం.

సలహా

విశ్వాసుల తగువులకు మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఒక వరుస ఉంది. నొచ్చుకున్న వ్యక్తి ముందు అవతలి వ్యక్తితో ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. ఇక్కడ వరుస తలకిందులై, చివర తెలియాల్సిన సంఘానికే ముందుగా తెలిసింది. పరువు పోయిందన్న బాధ బాకీని మించిపోయింది. అందుకే అప్పిచ్చిన వ్యక్తి మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి రావాలి. బాకీదారు ఇంటికి ఒక్కరే వెళ్లి మాట్లాడాలి. అదే సువార్త 5వ అధ్యాయం ప్రకారం, తన మీద సహోదరుడికి నొప్పి ఉందని గుర్తొచ్చినవారు అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందు సమాధానపడాలి. అంటే అవతలివారు రావాలని కూర్చునే వీలు ఇద్దరిలో ఎవరికీ లేదు.

రెండో మెట్టులో వెళ్లే ఒకరిద్దరు ఎవరన్నది ముఖ్యం. ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయంలోని సాక్షుల నియమమే దీనికి ఆధారం. వాళ్లు ఇరుపక్షాల మాటా వినాలి, విన్నది బయట చెప్పకూడదు. పల్లె సంఘాల్లో పెద్దలంతా తరచుగా ఒకే బంధువర్గం వారై ఉంటారు. కాపరి కుటుంబం కూడా ఒక్కోసారి కలిగినవారి సాయం మీదే ఆధారపడుతుంది. అలాంటి చోట పొరుగు సంఘం పెద్దను పిలవడం మేలు. సి.ఎస్.ఐ. సంఘాల్లోనైతే పాస్టరేట్ కమిటీ ఉంటుంది. పైన ఎవరూ లేని స్వతంత్ర సంఘాల్లో బయటి పెద్ద అవసరం మరీ ఎక్కువ.

కోర్టుకు వెళ్లొద్దనడానికి పెద్దలు చూపేది కొరింథీయుల మొదటి పత్రిక 6వ అధ్యాయం. అయితే పౌలు అక్కడ సంఘాన్నే నిలదీశాడు: సహోదరుల మధ్య తీర్పు చెప్పగల వివేకి మీలో ఒక్కడూ లేడా అన్నది అతని ప్రశ్న. కాబట్టి కోర్టు వద్దన్న సంఘం తానే కూర్చుని విచారించాలి. ఆ పని చేయకుండా వద్దనడం అన్యాయం. సహోదరుడి సొమ్ము అపహరించేవారిని కూడా పౌలు అదే చోట గద్దించాడు గనుక ఆ అధ్యాయం బాకీ ఎగవేతకు సాకు కాదు. ఫిలేమోనుకు రాసిన పత్రికలో పౌలు, అతని దాసుడు ఒనేసిము ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమని స్వదస్తూరీతో రాశాడు. క్షమించమని అడుగుతూనే బాకీకి పూచీ పడ్డాడు.

ఇదంతా డబ్బు తగువుల మాట. కొట్టడం, వరకట్న వేధింపు, పిల్లల మీద లైంగిక దాడి వంటివి సంఘ పంచాయితీలో తేల్చేవి కావు. పిల్లల విషయంలో తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం విధించింది.

నోటు గడువు మీదా కన్నేసి ఉంచాలి. అడిగినప్పుడు చెల్లిస్తామని రాసిన నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపే దావా వేయాలి. ఆలోగా బాకీదారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. మాటలు సాగుతుండగానే ఈ పని జరిగితే అప్పిచ్చినవారి భయమూ తీరుతుంది, బాకీదారు నిజాయితీ కూడా తెలుస్తుంది. వాయిదాల ఒప్పందాన్ని కాగితం మీద పెట్టి ఇరువురూ, సాక్షులూ సంతకాలు చేయాలి. మరింత గట్టిదనం కావాలంటే దావా వేయకముందే న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. ఇద్దరి సమ్మతితో అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమాన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు.

ప్రసంగంలో ఆ మాట ఎత్తినవారు, ప్రార్థన మనవిగా బయటపెట్టినవారు ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడగాలి. ఒప్పందం కుదిరాక ఆ కుటుంబాన్ని పెద్దలే బల్లకు ఆహ్వానించాలి. ఆఖరి వాయిదా తీరేదాకా ఆగనక్కరలేదు.